తామారు కట్టిన చీర



ఈసారి మా తప్పు ఒకటి ఒప్పుకొని మొదలుపెడుతున్నాము. ఆ తల్లీబిడ్డలను అడిగి, ఊరు పేరు లేకుండా వ్రాస్తున్నాము. ఒక సాయంత్రం మా సంఘములోని ఒక తల్లి ఏడుస్తూ వచ్చింది. డిగ్రీ చదివే కూతురు కాలేజీ నుంచి నడిచి వస్తుంటే తెలిసినవాడే బలాత్కారం చేశాడు. మా నోట మొదట వచ్చింది ప్రార్థన కాదు. "చీకటి పడే వేళ ఒక్కతే ఎందుకొచ్చిందమ్మా? ఏం బట్టలేసుకుంది?" అన్నాము. "రోజూ వేసుకునే పంజాబీ డ్రెస్సే అయ్యగారూ, చున్నీ కూడా ఉంది" అంది ఆ తల్లి. మా పాస్టరమ్మ గారు మాత్రం ఏమీ అడగకుండా ఆమెను లోపలికి తీసుకెళ్ళి మంచినీళ్ళిచ్చారు.

వాళ్ళతో పోలీస్ స్టేషన్‌కు వెళ్ళాము. అక్కడ బల్ల వెనుక కూర్చున్నాయన కూడా అవే రెండు ప్రశ్నలు అడిగాడు, అదే వరుసలో. మాకు ఒళ్ళు మండింది. గట్టిగా ఏదో అనబోయి ఆ తల్లి ముఖం చూశాము. ఇక నోరు పెగల్లేదు.

ఈ మాట కింది ఉద్యోగులదే అనుకోవద్దు. 2011 డిసెంబరు చివర్లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ డీజీపీగా ఉన్న దినేశ్ రెడ్డి గారు అత్యాచారాల గురించి మాట్లాడుతూ, పల్లెల్లో కూడా ఆడవాళ్ళ బట్టలు మారాయని, అవి రెచ్చగొడతాయని అన్నారు. ఆయన చెప్పింది సల్వార్ కమీజ్ గురించి. మన ఆడబిడ్డలు చున్నీ తలమీద కప్పుకొని ఆరాధనకు వేసుకొచ్చే పంజాబీ డ్రెస్ అదే కదా!

2 సమూయేలు 13వ అధ్యాయం తీయండి. తామారు ఎక్కడికి వెళ్ళింది? తండ్రి పంపితే, జబ్బుపడ్డానన్న అన్న ఇంటికి, అతనికి వండిపెట్టడానికి. వద్దని బతిమాలింది కూడా. ఆమె ఏమి కట్టుకుందో వాక్యము చెబుతుంది: కన్యకలైన రాజకుమార్తెలు కట్టే వివిధవర్ణముల చీర. అంతకంటె మర్యాదైన బట్ట ఆ దేశములో ఏముంది? ఆ చీర ప్రస్తావన కూడా అంతా జరిగిపోయిన తరువాతే వస్తుంది, ఆమె దాన్ని చింపుకుందని చెప్పడానికి. అబ్షాలోము ఊరుకోమన్నాడు. ఆ రాజ్యానికి పోలీసూ కోర్టూ తానే అయిన దావీదు మిక్కిలి కోపపడ్డాడు, అంతే. అమ్నోనును పిలిచి అడిగినట్టు ఎక్కడా లేదు.

మత్తయి 5లో మోహపు చూపు గురించి చెప్పినప్పుడు ప్రభువు పెరికివేయమన్నది చూసేవాడి కన్నునే. ఆమెను ముసుగు వేసుకోమనలేదు. అయినా మేము ఇన్నేళ్ళుగా 1 తిమోతి 2:9 పట్టుకొని ఆడవారి బట్టల మీదే ప్రసంగించాము. పౌలు అక్కడ బంగారము, ముత్యములు, మిగుల వెలగల వస్త్రముల సంగతి కూడా ఎత్తాడు. పెళ్ళిళ్ళలో నగలు చూసి ఆ వచనం ఎత్తిన బోధకుడు మాకైతే ఇంతవరకు కనబడలేదు (మేమూ ఎత్తలేదు లెండి).

ఒక సంగతి ప్రతి కుటుంబమూ తెలుసుకోవాలి. 2013లో మారిన చట్టం ప్రకారం, అత్యాచారం ఫిర్యాదు వస్తే ఎఫ్ఐఆర్ వ్రాయని పోలీసు అధికారికి ఆరు నెలలకు తక్కువ కాకుండా, రెండేళ్ళ వరకు జైలు పడవచ్చు. ఇప్పుడది భారతీయ న్యాయ సంహిత 199వ సెక్షన్‌లో ఉంది. బాధితురాలి వాంగ్మూలం మహిళా అధికారే వ్రాసుకోవాలి. మా పరిధి కాదని పంపెయ్యడానికి లేదు, ఏ స్టేషన్‌లోనైనా తీసుకోవలసిందే. ఆ రోజు ఇవేవీ మాకు తెలియవు. తెలిసిన వకీలును వెంటబెట్టుకొని రెండోసారి వెళ్తేగాని ఎఫ్ఐఆర్ వ్రాయలేదు.

తరువాత ఆ బిడ్డ ఇంటికి వెళ్ళి, ఆమె ఎదుటే క్షమాపణ అడిగాము. ఏమీ అనలేదు. కేసు నడుస్తోంది. ఆదివారాలు వస్తుంది గాని వెనుక వరుసలో తలుపు దగ్గరే కూర్చుంటుంది. మేము ఆశీర్వాదము చెప్పేలోపే లేచి వెళ్ళిపోతుంది.