కథకు దిద్దుబాటు

కథ రాయాలన్న కోరిక విద్యార్థులలో చాలామందికి ఉంటుంది. వారి ఊహకు కొదవ లేదు; చూసిన జీవితానికీ లోటు లేదు. అయినా రాసినదాన్ని ఇతరులకు చూపడానికి వెనుకాడతారు. తమ భాషలో తప్పులుంటాయన్న సంకోచమే దీనికి కారణం. ఏది తప్పో, ఏది కాదో తేల్చుకొంటే ఈ భయం చాలావరకు తొలగిపోతుంది.

ఇంటి భాష తప్పు కాదు. గురజాడ అప్పారావు 1910లో 'దిద్దుబాటు' కథను వాడుక భాషలోనే రాశారు. పాకాల యశోదారెడ్డి కథలలో తెలంగాణ పలుకుబడి, రావిశాస్త్రి కథలలో ఉత్తరాంధ్ర యాస, నామిని సుబ్రహ్మణ్యం నాయుడు కథలలో చిత్తూరు ప్రాంతపు నుడికారం సజీవంగా వినిపిస్తాయి. వ్యాకరణం పేరుతో పాత్రల మాటలను మార్చివేస్తే, ఆ మనుషులే కథలో నుండి వెళ్ళిపోతారు.

అంతమాత్రాన వ్యాకరణంతో పని లేదనుకోరాదు. "అతడు ఇంటికి వచ్చి వాన కురిసింది" అన్న వాక్యాన్ని ఏ ప్రాంతపు వాడుకా సమర్థించదు. 'వానలు కురిసి చెరువులు నిండాయి' వంటి కార్యకారణ వాక్యాలలో తప్ప, క్త్వార్థకానికీ సమాపక క్రియకూ సాధారణంగా కర్త ఒక్కటే కావాలి. "అతడు ఇంటికి వచ్చాక వాన కురిసింది" అంటే దోషం పోతుంది. "రాముడు సోముణ్ణి చూశాడు. అతనికి కోపం వచ్చింది" అంటే కోపం ఎవరికి వచ్చిందో తెలియదు. "ఉత్తరం ఆమె చేత చదవబడింది" అనడం తెలుగు తీరు కాదు; "ఆమె ఉత్తరం చదివింది" అనాలి. అర్థానికి అడ్డుపడేదీ, భాషా స్వభావానికి విరుద్ధమైనదీ అసలైన తప్పు.

శైలి అంటే విశేషణాల వరుస కాదు. "ఆ తల్లి ఎంతగానో దుఃఖించింది" అనడం కంటే, "కొడుకు వెళ్ళిపోయిన రాత్రి కూడా ఆమె రెండు కంచాలు పెట్టింది" అనడం పాఠకుని హృదయాన్ని తాకుతుంది.

రాసిన కథను కొన్నాళ్ళు పక్కన పెట్టి, తరువాత పైకి చదువుకోవాలి. నాలుక తడబడిన చోట వాక్యాన్ని సరిచూసుకోవాలి. భాషంతా నేర్చిన తరువాతే రాస్తామనుకొనేవారు ఎన్నటికీ కలం పట్టలేరు. రాసి, దిద్దుకొని, మళ్ళీ రాసేవారే రచయితలవుతారు. తప్పుల భయంతో ఒక ఊరి బతుకును ఆ ఊరి బిడ్డ రాయకుండా ఆగిపోతే, ఆ నష్టం తెలుగు కథకే.