తొక్కిన లెక్క, తిన్న లెక్క



నిరుడు నాకు షుగర్ ఉన్నదని తేలింది. డాక్టరుగారు బరువు తగ్గమన్నారు. మూలనున్న పాత సైకిల్‌కు ట్యూబులు మార్పించి, రోజూ సాయంత్రం మూడు కిలోమీటర్ల దూరంలోని చెరువుగట్టు దాకా వెళ్లి రావడం మొదలుపెట్టాను. మేనల్లుడు కొనిచ్చిన చేతి గడియారం, ఇల్లు చేరేసరికి 260 కేలరీలు ఖర్చయ్యాయని చూపించేది. ఆ ధైర్యంతో రాత్రి మరో రెండు గరిటెల అన్నం పెట్టించుకునేవాణ్ణి. మూడు నెలలకు బరువు తగ్గకపోగా కిలో పెరిగింది. “ఏవండీ, తొక్కినదానికంటే తిన్నది ఎక్కువవుతోందేమో చూసుకోండి” అన్నది నా భార్య.

అప్పుడు కాగితం, పెన్ను తీసుకుని కూర్చున్నాను. ఊరకే కూర్చున్న మనిషి దేహం, ప్రతి కిలో బరువుకు గంటకు సుమారు 1 కేలరీ ఖర్చు చేస్తుంది. గంటకు 16 కిలోమీటర్ల లోపు వేగంతో సైకిల్ తొక్కితే దానికి 4 రెట్లు, 16 నుండి 19 వేగంతో అయితే దాదాపు 7 రెట్లు ఖర్చవుతుంది. నా బరువు 70 కిలోలు. తొక్కేది అరగంట, అదీ నెమ్మదిగా. 70ని 4తో హెచ్చించి సగం చేస్తే 140. ఊరకే కూర్చున్నా ఖర్చయ్యే 35 తీసివేస్తే, సైకిల్ వలన అదనంగా ఖర్చయినది 105 మాత్రమే! వంద గ్రాముల అన్నంలోనే సుమారు 130 కేలరీలు ఉంటాయి.

ఇది కూడా అంచనాయే. ఎదురుగాలి వీచినా, మట్టిరోడ్డు అయినా, వెనుక బస్తా ఉన్నా ఖర్చు పెరుగుతుంది. ఇక గడియారాల సంగతి. 2017లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు ఏడు రకాలను పరీక్షించారు. గుండె వేగాన్ని చాలావరకు సరిగానే చూపాయి గాని, కేలరీల విషయంలో వాటిలో మేలైనది సైతం సగటున 27 శాతం తప్పింది.

గనుక సైకిల్ మానవద్దు, లెక్కను నమ్ముకుని తినవద్దు. పెద్దవారికి వారానికి కనీసం 150 నిమిషాల వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో తెలిపింది. ఇన్సులిన్ గాని షుగర్ మాత్రలు గాని వాడేవారు ముందు డాక్టరును అడగండి. జేబులో కొంచెం చక్కెర ఉంచుకోండి. వణుకు, చల్లని చెమట, కళ్లు తిరగడం కనిపిస్తే వెంటనే దిగి అది నోట్లో వేసుకోండి.

నేను ఇప్పుడు గడియారం ఇంట్లో పెట్టి వెళ్తున్నాను. రెండవ వడ్డన మానేశాను. ఇప్పటికి నాలుగు కిలోలు తగ్గాను.