ఒకటో జూన్ చెల్లెలు

గత సంచికలో ఇంటి రుణాల వడ్డీ గురించి వ్రాసి మీలో కొందరిని నిద్రపుచ్చానని మా శ్రీమతి అభిప్రాయం. కాబట్టి ఈసారి లెక్కల జోలికి పోను. పోయినా ఒకటి రెండింటికే.

ప్రతి ఏటా జూన్ 1వ తేదీ పొద్దున్నే నిజామాబాదు నుంచి మా చెల్లెలు ఫోను చేస్తుంది. "అన్నా, ఈసారి గూడ అందరికన్న ముందు మీ బ్యాంకోళ్ళే చెప్పిండ్రు" అని నవ్వుతుంది. ఖాతాలో ఉన్న పుట్టిన తేదీ చూసి కంప్యూటరు తనంతట తానే శుభాకాంక్షలు పంపుతుంది కదా, ఆ సంగతి. ఆమె నవ్వితే నేనూ నవ్వి, మనవాళ్ళ ఆరోగ్యాలు అడిగి ఫోను పెట్టేసేవాణ్ణి. ఇరవై ఏళ్ళుగా ఇదే వరస.

జూన్ 1 మహిమ మరాఠ్వాడాలో ఉన్న మీకు చెప్పనక్కరలేదు. పుట్టిన తేదీ తెలియని పిల్లను బడికి తీసుకుపోతే, బడులు తెరిచే నెల చూసి గురూజీ ఒకటో తేదీ వేసేవారు. వయసు లెక్క సరిపోయేది, పిల్ల బడిలో కూర్చునేది. దేగ్లూరు, బిలోలి వైపు శాఖల్లో పనిచేసినప్పుడు ఖాతా ఫారాల కట్ట తిరగేస్తే ఊరంతా కవలలేమో అనిపించేది. ఒకటో తేదీన పుట్టినవారు ముందు నెల చివరి రోజే రిటైరు కావాలని నిబంధన. అందుకే మా ఆఫీసుల్లో మే 31న వీడ్కోలు సభలు ఒకదాని వెనుక ఒకటి జరుగుతాయి. దండలవాడికి అక్షయ తదియ కంటే అదే పెద్ద పండుగ.

మా చెల్లెలి తేదీ కూడా ఆ గురూజీల చలవే. 1984లో పక్కింటి పిల్లతో పాటు బడికి పోతానని ఏడిస్తే, 1-6-1978 అని వేసి ఒకటో తరగతిలో చేర్చుకున్నారు. తన అసలు పుట్టినరోజు ఇంట్లో ఎవరికీ తెలియదు.

నాది మాత్రం తెలుసు! తిథితో, నక్షత్రంతో, గడియలతో సహా. ఇత్వారాలో మా బాపుకు చిన్న బట్టల దుకాణం ఉండేది. ఇక్కడి ఆనవాయితీ ప్రకారం దీపావళికి కొత్త లెక్కల పుస్తకం పెట్టేవారు. లెక్కలు తెలుగులో వ్రాసేవారు, గిరాకీలకు చదవరాదని. నేను పుట్టిన ఏటి పుస్తకంలో, మొదటి పేజీలో 'శ్రీ' కింద పసుపు కుంకుమలు పెట్టి నా జన్మ వివరం వ్రాశారు. ప్రతి మాఘంలో ఆ రోజు నాకు తలంటు, కొత్త అంగీ, పాయసం. బడిలో పంచడానికి రావల్‌గావ్ బిళ్ళలు. చెల్లెలి ఒకటో జూన్ నాటికి బడికి వేసవి సెలవులు. రంగు గౌను వేసుకుని బిళ్ళలు పంచే యోగం తనకు ఒక్క ఏడూ పట్టలేదు.

అమ్మను అడిగితే "నువ్వు స్కైలాబ్ నాడు పుట్టినవే" అనేది. బాపును అడిగితే "బళ్ళె రాసింది గదా" అనేవారు. అక్కడితో సరి.

నాకు పదిహేనేళ్ళప్పుడు, నా పుట్టినరోజు పొద్దున, రెండో తరగతి చదివే చెల్లె నా పక్కన పీటేసుకుని కూర్చుంది. "అన్నా, నీ పుట్టినరోజు సగం నాకిస్తవా?" అంది. నాయనమ్మ అనే మాటనే నేను అప్పజెప్పాను. "ఆడపిల్లలకు ఉండయి" అన్నాను. తను ఏడవలేదు. పీట తీసి గోడకు ఆనించి వెళ్ళిపోయింది. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మొదటిసారి మీకే చెబుతున్నాను.

అలాగని మేము కొట్టుకుంటూ పెరిగామనుకోకండి. మరాఠీ బడిలో చదివిన మాకు తెలుగు అక్షరాలు పట్టుబడింది చెల్లెలి ఉపాయంతోనే. నిజామాబాదు నుంచి ఎవరైనా చుట్టాలు వస్తే పాత చందమామలు తెచ్చేవారు. ఇక్కడ లైబ్రరీలో దాని మరాఠీ రూపం చాందోబా దొరికేది. బొమ్మలు రెండింటిలోనూ అవే, కథలూ అవే. ఒకే బొమ్మ ఉన్న పేజీలు రెండూ పక్కపక్కన పెట్టి, ఈ మాటకు ఆ మాట అంటూ వేలితో చూపించేది. నేను బీ.కాం. చదివాను, తను పదో తరగతితో ఆగిపోయి పెళ్ళి చేసుకుంది. తెలుగు మాత్రం నాకంటే తనదే శుద్ధం. ఈ శీర్షికలో నేను చేసే తప్పులు ప్రతి మూడు నెలలకూ ఫోనులో దిద్దేది తనే.

బడిలో వేసేముందు తనకు బాసరలో అక్షరాభ్యాసం చేయించారు. అప్పటి మీటర్ గేజ్ బండిలో ముద్‌ఖేడ్, ఉమ్రి, ధర్మాబాద్ దాటి వెళ్ళాము. సంకల్పం చెప్పేటప్పుడు పూజారి గారు "పాప నక్షత్రం?" అని అడిగారు. బాపు అమ్మవైపు చూశారు, అమ్మ నేల చూసింది. "పోనివ్వండి, పేరును బట్టి చెబుదాం" అని ఆయన కానిచ్చారు. చెల్లెలి ధ్యాసంతా కొత్త పలక మీద ఉంది. నేను మాత్రం ఆ క్షణాన గర్వపడ్డాను, నాది ఉందని.

అమ్మ, బాపు పోయాక కిందటేడు ఇత్వారా ఇల్లు ఖాళీ చేశాము. అటకమీద రేకు పెట్టెలో ఆ లెక్కల పుస్తకాలన్నీ ఉన్నాయి. సగం చెదలు తిన్నాయి. బ్యాంకువాణ్ణి కదా, పుస్తకం దొరికితే తేదీల వరుస చూడకుండా ఉండలేను. 1979 పుస్తకం చేతికి రాగానే అమ్మ మాట గుర్తొచ్చింది.

స్కైలాబ్ సంగతి మా ఈడువారికి ఎరుకే. అమెరికావాళ్ళు 1973లో పంపిన అంతరిక్ష శాల అది. ఎవరి నెత్తిన పడుతుందోనని ఊళ్ళన్నీ వణికాయి. 1979 జూలై 11న, మన గడియారంలో రాత్రి పది దాటాక, అది హిందూ మహాసముద్రంలోనూ ఆస్ట్రేలియా పడమటి కొసలోనూ ముక్కలై పడింది. మర్నాడు పొద్దున రేడియోలో ఆ కబురు విని జనం ఊపిరి పీల్చుకున్నారు. ఎనిమిదేళ్ళ నేను మేడెక్కి ఆకాశం చూడటం నాకు గుర్తుంది. అదే పొద్దున లోపలి గదిలోంచి అమ్మ మూలుగు వినబడటం ఇన్నేళ్ళూ ఎందుకు గుర్తు రాలేదో!

12-7-79, గురువారం. ఖర్చు వైపు: 'మంత్రసానికి 15-00. శొంఠి, బెల్లం 6-50.' అంతే. నేను మొదటి పేజీలో, తను ఖర్చు పద్దులో. కామర్సు చదివినవాడిగా ఆ తేడా నాకు వేరే ఎవరూ వివరించనక్కరలేదు.

జనన నమోదు చట్టం 1969లోనే వచ్చింది, అయినా ఇంట్లో పుట్టిన ఆడపిల్ల కోసం మునిసిపాలిటీ మెట్లెక్కిందెవరు? ఇప్పుడు సంగతి వేరు. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడికైనా పాస్‌పోర్టుకైనా పుట్టిన తేదీ రుజువు ఆ సర్టిఫికెట్టే. మనవలున్నవారు ఆలస్యం చేయకండి.

ఈ ఏడు జూన్ 1న చెల్లెలు ఫోను చేస్తే నవ్వలేదు. "జూలై 12న బాసరకు రా, నీతో పని ఉంది" అన్నాను. నేను ఇటునుంచి, తను అటునుంచి, ఇద్దరమూ రైల్లోనే వచ్చాము. గుడిలో పూజారి గారు నక్షత్రం అడిగినప్పుడు, పాత పంచాంగం చూసి వ్రాసుకొచ్చిన చీటీ అందించాను. ఆ పేరు ఇక్కడ వ్రాయను. తేదీ ఎలాగూ బయటపెట్టాను, కస్టమరు వివరాలన్నీ చెప్పేయడం మా వృత్తికి తగదు. ఆయన మంత్రంలో తన నక్షత్రం వినబడగానే చెల్లెలు నా చేయి పట్టుకుంది. గట్టిగానే పట్టుకుంది.

తర్వాత గోదావరి ఒడ్డున కూర్చున్నాము. నీళ్ళు బాగానే ఉన్నాయి. ధర్మాబాద్ దగ్గరి బాబ్లీ గేట్లు ఏటా జూలై 1 నుంచి అక్టోబరు 28 వరకు ఎత్తి ఉంచాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది కదా. నదికి కూడా తేదీ వ్రాసి పెట్టారన్నమాట. సంచిలోంచి పుస్తకం తీసి ఆ పేజీ చూపించాను. పదిహేను రూపాయలు, ఆరున్నర రూపాయలు చదివింది. "నా ధర గింతేనా" అంది. ఆపైన పీట సంగతి ఎత్తి, తప్పయిందన్నాను. "యాదికుంది" అంది, నీళ్ళవైపు చూస్తూ. ఇంకేమీ అనలేదు.

కాసేపటికి మళ్ళీ పుస్తకం తీసుకుంది. నా కళ్ళు ఖర్చు వైపే చూశాయి గానీ తను జమ వైపు కూడా చూసింది. రోజూ గిరాకీ మొత్తం వ్రాసే చోట, ఆ గురువారం అంకె లేదు. 'దుకాణం బందు' అని ఉంది. పండుగ నాడు కూడా ఒక రెక్క తెరిచి కూర్చునే మనిషి మా బాపు. స్కైలాబ్ భయముంటే ముందురోజు మూయాలి, కానీ ముందురోజు గిరాకీ వ్రాసి ఉంది.

"అన్నా, నువ్వు పుట్టిన నాడు?"

ఆ పుస్తకం కూడా తెచ్చాను. మాఘ మాసం పేజీ తీసి చూపించాను. నలభై రెండు రూపాయల గిరాకీ.

"నలభై రెండు రూపాయలు!" అని చెల్లెలు ఎంత గట్టిగా నవ్విందంటే, ఒడ్డున పిల్లవాడి చేత పలక పట్టించిన వాళ్ళు కూడా వెనక్కి తిరిగి చూశారు.