పీపీటీ కాదు, ప్రశ్న ముఖ్యం

బీటెక్‌లో టెక్నికల్ సెమినార్ అనగానే మనం చేసే మొదటి పని సీనియర్‌ని పీపీటీ అడగడం. నేనూ అంతే. ‘హోలోగ్రాఫిక్ డేటా స్టోరేజ్’ స్లైడ్లు తెచ్చుకుని, పేరు మార్చి, పది నిమిషాలు చదివేశా. మార్కులొచ్చాయి. రెజ్యూమెలోనూ రాసుకున్నా. క్యాంపస్ ఇంటర్వ్యూలో ఒకాయన దాన్నే పట్టుకున్నారు. ‘లేజర్‌ని రెండుగా ఎందుకు చీలుస్తారు?’ అన్నారు. నోరు పెగల్లేదు. ఆ ఉద్యోగం రాలేదు.

తర్వాత కూర్చుని చదివితే తెలిసింది, జవాబు ఏమంత కష్టం కాదని. ఒక కిరణం డేటాను మోస్తుంది. సున్నాలు, ఒకట్లు నలుపు తెలుపు గళ్ల పేజీలా ఉంటాయి. రెండోది రిఫరెన్స్ కిరణం. రెండూ కలిసినచోట ఏర్పడే చారలు పదార్థంలో ముద్రపడతాయి. అదే రిఫరెన్స్ కిరణాన్ని మళ్లీ పంపితే పేజీ మొత్తం ఒకేసారి సెన్సర్ మీద పడుతుంది. కోణం కాస్త మారిస్తే అదే చోట ఇంకో పేజీ రాయొచ్చు. డీవీడీ పొరల మీదే రాస్తుంది. ఇది మందమంతా వాడుకుంటుంది. అసలు కిటుకు అదే.

మరి మార్కెట్లో ఎందుకు లేదంటారా? ఆ ప్రశ్న నా పీపీటీలో లేనేలేదు! బెల్ ల్యాబ్స్ నుంచి 2000లో విడివడిన ఇన్‌ఫేజ్ టెక్నాలజీస్ 300 గిగాబైట్ల డిస్క్ తెస్తామంది. వాయిదా మీద వాయిదా వేసి 2010లో మూతపడింది. రాసేటప్పుడు పదార్థం కొంచెం కుంచించుకుపోయినా, కోణం పిసరంత తప్పినా పేజీ సరిగా రాదు. ఈలోగా హార్డ్‌డిస్కులు చవకైపోయాయి.

కథ అక్కడితో ఆగలేదు. ఈ రంగం నిపుణులే 2012లో అకోనియా హోలోగ్రాఫిక్స్ పెట్టారు. మొదట స్టోరేజ్ మీదే పనిచేసి, తర్వాత అదే విద్యను ఏఆర్ కళ్లద్దాల వైపు మళ్లించారు. 2018లో ఆపిల్ ఆ సంస్థను కొనేసింది. క్లౌడ్ కోసం హోలోగ్రాఫిక్ స్టోరేజ్‌ని పరిశోధిస్తున్నట్టు 2020లో మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. డిస్క్ పోయింది, దాని వెనకున్న విద్య పోలేదు.

‘కోడింగ్ వస్తే చాలదా, ఇవన్నీ ఎందుకు?’ అనొచ్చు మీరు. కోడింగ్ కావాల్సిందే. కానీ రెజ్యూమెలో మీరు రాసిన ప్రతి లైనూ ఇంటర్వ్యూ చేసేవాళ్లకు మీరిచ్చే ప్రశ్నపత్రమే. అందుకే ఒక్కో ప్రాజెక్టుకీ మూడు ప్రశ్నలు వేసుకోండి. ఎలా పనిచేస్తుంది? ఎక్కడ దెబ్బతింటుంది? దీనికి బదులు జనం ఏం వాడుతున్నారు? జవాబు రాని లైను ఉంటే ఈ వారమే నేర్చుకోండి, లేదంటే కొట్టేయండి. నాలా ఆ కుర్చీలో కూర్చున్నాక తెలుసుకోవద్దు.