పేను చెయ్యని నేరం

కొన్ని మాటలు రోగాన్ని వర్ణించవు, తీర్పు చెప్పేస్తాయి. "పేనుకొరుకుడు" అలాంటి మాట. తలమీద రూపాయి బిళ్ళంత మేర వెంట్రుకలు రాలి నున్నబడితే చాలు, ముద్దాయి ఎవరో తేలిపోయినట్లే. శిక్షా సిద్ధమే: గురివింద గింజ అరగదీసి పట్టించడం. పేను రక్తం తాగుతుందే గాని వెంట్రుకను కొరకదన్న సంగతి ఎవరికీ అక్కరలేదు.

నాకు పదేళ్ళప్పుడు అలాంటి మచ్చ ఏర్పడింది. అమ్మమ్మ గురివింద పట్టించింది. మూడు నెలల్లో జుట్టు వచ్చింది. ఆ విజయగాథను ముప్ఫై ఏళ్ళపాటు చెప్పుకు తిరిగాను. మా చెల్లెలి కొడుకు తలలో మచ్చ కనబడినప్పుడు ఆ వైద్యాన్నే ఫోనులో గట్టిగా సిఫారసు చేశాను. "పొట్టు రాలుతోంది అన్నయ్యా, వాడు ఒకటే గోక్కుంటున్నాడు" అని అది చెబుతూనే ఉంది. నేను వినిపించుకోలేదు.

నెల తిరిగేసరికి అక్కడ చీముపట్టి మెత్తగా ఉబ్బింది. చర్మవైద్యురాలు విరిగిన వెంట్రుకలు రెండు లాగి, పొటాషియం హైడ్రాక్సైడు చుక్క వేసి, సూక్ష్మదర్శినిలో చూసి తేల్చారు: తామర. కుదుట్లోకి దిగిన శిలీంధ్రానికి పైపూతలు చాలవు, వారాల తరబడి మాత్రలు మింగాలి. మింగాడు, తగ్గింది. కాని ఉబ్బిన చోట చర్మం మచ్చకట్టింది. అక్కడ ఇక వెంట్రుక మొలవదు.

నాకు వచ్చినది వేరే వ్యాధి, అలోపీషియా ఏరియేటా. మన రక్షణకణాలే వెంట్రుకల కుదుళ్ళను శత్రువులనుకొని ముట్టడించడం దాని స్వభావం. ఒకటి రెండు మచ్చలతో ఆగినప్పుడు చాలామందికి ఏడాదిలోపు జుట్టు దానంతటదే వస్తుంది. కీర్తి మాత్రం ఆ సమయానికి తలమీద ఏది ఉంటే దానికి దక్కుతుంది. తీవ్రరూపానికి 2022లో అమెరికాలో బారిసిటినిబ్ అనే మాత్రకు అనుమతి లభించింది. అది తామరకు పనికిరాదు, తామర మందు దీనికి పనికిరాదు. పేరు ఒకటే గాని రోగాలు రెండు.

"అయితే మన పెద్దలు మూర్ఖులా?" అని కొందరు మిత్రులు కత్తులు నూరవచ్చు. కారు. సూక్ష్మదర్శిని లేని కాలంలో వారు కంటికి కనబడినదానికి పేరు పెట్టారు. అది ఉన్న కాలంలో పుట్టి, ఎవరికీ చూపించకుండా విషపు గింజను పసివాడి నెత్తిన రాయించిన మూర్ఖత్వం నాది.

ఈ జాడ్యం అమ్మమ్మల వైద్యానికే పరిమితమనుకుంటే పొరపాటు. మా కార్యాలయంలో ఒకమ్మాయికి డెంగీ జ్వరం తగ్గిన రెండు నెలలకు జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడసాగింది. పెద్ద జ్వరం తరువాత అది మామూలే, కొన్ని నెలల్లో సర్దుకుంటుంది. అద్దాల గదుల కేశచికిత్సాలయం ఒకటి ఆమెను జ్వరం మాట అడగలేదు, థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు చేయించలేదు. ఆరు నెలల ప్యాకేజీ మాత్రం అంటగట్టింది. గురివిందకూ దీనికీ తేడా రసీదు ఒక్కటే!

1945 నాటి ఔషధ నియమాల జె షెడ్యూలులో, నయం చేస్తామని ఏ మందూ చెప్పుకోగూడని రోగాల పట్టిక ఉంది. బట్టతల అందులో ఒకటి. అయినా ప్రకటనలు ఆగవు, ఎందుకంటే జుట్టు రాలడమే ఒక రోగమని మనం నమ్ముతున్నాం. అది రోగం కాదు, లక్షణం. జ్వరానికి కారణం వెతికే మనం జుట్టు దగ్గరకు వచ్చేసరికి నూనె వెతుకుతాం. మచ్చకట్టించే రోగాలలో ఆ వెతుకులాటకు పోయిన నెలలు తిరిగి రావు.

మేనల్లుడు ఇప్పుడు పాపిట పక్కకు తీసి దువ్వుకుంటున్నాడు. ఎందుకో నాకు తెలుసు. ఎవరైనా తలలో మచ్చ అంటే ఇక నేను మందు చెప్పను. "ఎవరికి చూపించారు?" అని అడుగుతాను. మీరూ అదే అడగండి.