ఆరుద్ర ఒళ్లు చల్లబడిందా?

ఆరుద్ర కార్తె అనగానే రైతుకు వాన గుర్తొస్తుంది. పిల్లలకు తడినేల మీద ముఖమల్ గుడ్డలా మెత్తగా, ఎర్రగా పాకే ఆరుద్ర పురుగు గుర్తొస్తుంది. కానీ ఆ కార్తెకు పేరిచ్చిన చుక్క మాత్రం ఆ రోజుల్లో కనిపించదు. సూర్యుడు అప్పుడు ఆ దిక్కునే ఉంటాడు మరి! దాన్ని చూడాలంటే చలికాలం దాకా ఆగాలి. డిసెంబరు రాత్రుల్లో తూర్పున వరసగా మూడు చుక్కలు కనిపిస్తాయి. వాటికి ఎడమపక్కన నిప్పుకణికలా ఎర్రగా మెరిసేదే ఆరుద్ర. ప్రపంచం దాన్ని బెటెల్‌గ్యూజ్ అంటుంది.

2019 చివర్లో ఆ నిప్పుకణిక మసకబారడం మొదలైంది. ఆకాశంలో బాగా మెరిసే పది చుక్కల్లో ఒకటిగా ఉండేది కాస్తా 2020 ఫిబ్రవరి నాటికి మొదటి ఇరవైలో కూడా లేకుండా పోయింది. మామూలు వెలుగులో మూడో వంతుకు కాస్త ఎక్కువ మాత్రమే మిగిలింది. ఆరుద్ర వయసు మళ్లిన నక్షత్రం. ఎప్పుడో ఒకప్పుడు పేలిపోవాల్సిందే. ఆ ఘడియ దగ్గరపడిందా? దాని ఒళ్లు చల్లబడుతోందా? లేక మరేదైనా అడ్డొచ్చిందా? ప్రపంచమంతా ఇదే చర్చ. తేల్చాలంటే ఆ చుక్క ఉష్ణోగ్రత చూడాలి. వందల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నదానికి థర్మామీటర్ పెట్టేదెలా?

వెలుగొక్కటే చాలదు

కమ్మరి కొలిమిలో ఇనుము ముందు ఎర్రబడుతుంది. ఇంకా కాలిస్తే పసుపురంగుకు తిరుగుతుంది. ఆపైన తెల్లగా మెరుస్తుంది. చుక్కలూ అంతే. ఎర్రగా ఉన్నాయంటే వేడి తక్కువని అర్థం. సూర్యుడి పైభాగం సుమారు 5,500 డిగ్రీల సెల్సియస్ ఉంటే, ఆరుద్ర సుమారు 3,300 డిగ్రీలే. అందుకే ఇలాంటి వాటిని ‘చల్లని మహా నక్షత్రాలు’ అంటారు. చల్లన అంటే చుక్కల లెక్కలో చల్లన, అంతే!

అయితే రంగును పూర్తిగా నమ్మలేం. మధ్యలో దుమ్ము ఉంటే తెల్లని చుక్క కూడా ఎర్రగా కనిపిస్తుంది. సాయంత్రం సూర్యుణ్ని చూస్తాం కదా! వెలుగునూ నమ్మలేం. గది నిండా వెలుగు ఒక చిన్న బల్బు నుంచి రావచ్చు, పెద్ద నెగడు నుంచీ రావచ్చు. కాబట్టి మనకు చేరే మొత్తం వెలుగుతో పాటు ఆ చుక్క ఆకాశంలో ఎంత వెడల్పున కనిపిస్తోందో కూడా తెలియాలి. దాన్నే కోణీయ వ్యాసం అంటారు. ఈ రెండూ తెలిస్తే చుక్క ఒంటిమీద ప్రతి చదరపు అడుగు నుంచీ ఎంత శక్తి వస్తోందో తేలిపోతుంది. వేడి రెట్టింపైతే ఆ శక్తి పదహారు రెట్లవుతుంది. ఈ సూత్రాన్ని పట్టుకుని ఉష్ణోగ్రత రాబడతారు.

విశేషమేమిటంటే, ఈ లెక్కకు చుక్క ఎంత దూరంలో ఉందో తెలియనక్కర్లేదు. దీపాన్ని రెట్టింపు దూరం జరిపితే మనకు చేరే వెలుగు నాలుగో వంతవుతుంది. అది కనిపించే వైశాల్యమూ నాలుగో వంతే అవుతుంది. రెండింటి నిష్పత్తి మారదు. వెడల్పు కొలవడంలో పది శాతం పొరపాటు జరిగినా ఉష్ణోగ్రతలో వచ్చే తేడా ఐదు శాతమే.

చారలు మాయమైన రాత్రి

చెప్పడం తేలికే. కొలవడమే కష్టం. ఆకాశంలో సూర్యుడి వెడల్పు అర డిగ్రీ. ఒక డిగ్రీలో 3,600 సెకన్లు ఉంటాయి. ఇవి కాలాన్ని చెప్పే సెకన్లు కావు, కోణాన్ని కొలిచేవి. ఆరుద్ర వెడల్పు అలాంటి ఒక సెకనులో సుమారు ఇరవయ్యో వంతు! ఐదు రూపాయల బిళ్లను వంద కిలోమీటర్ల అవతల పెట్టి దాని వెడల్పు చెప్పమన్నట్టు. పైగా మన గాలి ఒక్కచోట కుదురుగా ఉండదు. చుక్కల్ని మిణుకుమనిపించి, వాటి బొమ్మను అలికేస్తుంది.

దీనికి ఉపాయం చూపించినవాడు అమెరికా శాస్త్రవేత్త ఆల్బర్ట్ మైకెల్సన్. కాలిఫోర్నియాలోని మౌంట్ విల్సన్ మీద అప్పట్లో ప్రపంచంలోకెల్లా పెద్దదైన వంద అంగుళాల టెలిస్కోప్ ఉండేది. దాని మూతికి అడ్డంగా 20 అడుగుల ఉక్కు దూలం బిగించారు. దూలం మీద అటూ ఇటూ జరిగే అద్దాలు అమర్చారు. రెండు కొసల అద్దాల నుంచి వచ్చే చుక్క వెలుగు లోపల కలుసుకుని నలుపు, తెలుపు చారలుగా కనిపిస్తుంది. చుక్క ఒట్టి బిందువే అయితే అద్దాల్ని ఎంత దూరం జరిపినా చారలు పోవు. దానికి వెడల్పుంటే మాత్రం కుడి అంచు వెలుగు ఒక వరస చారలు గీస్తే, ఎడమ అంచు వెలుగు మరో వరస గీస్తుంది. అద్దాలు ఎడమయ్యే కొద్దీ ఈ వరసలు ఒకదానిమీంచి మరొకటి జరుగుతాయి. దీని తెలుపు దాని నలుపులో పడిన చోట చారలన్నీ మాయమవుతాయి. అప్పుడు అద్దాల మధ్య ఎంత దూరముందో చూస్తే చాలు, చుక్క వెడల్పు తెలిసిపోతుంది.

1920 డిసెంబరు 13 రాత్రి ఫ్రాన్సిస్ పీజ్, జాన్ ఆండర్సన్ ఆ టెలిస్కోప్‌ను ఆరుద్ర వైపు తిప్పారు. అద్దాల మధ్య దూరం పది అడుగులకు చేరేసరికి చారలు కనిపించలేదు. పరికరం చెడిందేమోనని వేరే చుక్కలవైపు తిప్పి చూశారు. వాటికి చారలు ఉన్నాయి! సూర్యుడు కాకుండా మరో నక్షత్రం వెడల్పును మనిషి మొదటిసారి కొలిచింది అలా. లెక్క కడితే 0.047 సెకన్లు వచ్చింది. నక్షత్రాల ఉష్ణోగ్రత, వెలుగుల ఆధారంగా బ్రిటన్ శాస్త్రవేత్త ఆర్థర్ ఎడింగ్టన్ అంతకుముందే వేసిన అంచనా 0.051. కాగితం మీది లెక్క, కొండమీది కొలత దాదాపు కలిశాయన్నమాట. ఆరుద్రను తెచ్చి సూర్యుడి స్థానంలో పెడితే బుధుడు, శుక్రుడు, భూమి, కుజుడు... అన్నీ దాని పొట్టలోకే పోతాయి.

రోహిణి ఇంటికి చందమామ

దక్షుడి కూతుళ్లు ఇరవై ఏడుగురిని పెళ్లాడిన చంద్రుడికి రోహిణి అంటేనే ఎక్కువ మక్కువని పురాణ కథ. ఆ రోహిణి కూడా చల్లని పెద్ద నక్షత్రమే. పేరు ఆల్డెబరాన్. చందమామ తన దారిలో కొన్నేళ్లపాటు నెలనెలా దాన్ని కప్పుకుంటూ వెళుతుంది. 2015 నుంచి 2018 వరకు అలాగే జరిగింది. జ్యేష్ఠ నక్షత్రం వంతు 2023లో మొదలైంది, 2028 దాకా ఉంటుంది.

ఈ దాగుడుమూతల్లోనే మరో కొలబద్ద ఉంది. చంద్రుడి అంచు అడ్డొచ్చినప్పుడు రోహిణి వెలుగు స్విచ్ కట్టేసినట్టు టక్కున ఆరదు. చుక్కకు వెడల్పుంది కాబట్టి, ఆ వెడల్పును అంచు దాటేంతసేపు వెలుగు తగ్గుతూ పోతుంది. ఇదంతా సెకనులో సుమారు ఇరవయ్యో వంతు కాలంలో ముగిసిపోతుంది. రెప్పపాటు కన్నా తక్కువ! వేగంగా పనిచేసే పరికరాలతో ఆ కొద్దిపాటి సమయాన్నీ చిన్న చిన్న ముక్కలుగా నమోదు చేసి వెడల్పు లెక్కగడతారు. రోహిణి వెడల్పు 0.02 సెకన్లని, వేడి సుమారు 3,600 డిగ్రీలని తేలింది.

మన దేశంలోనూ ఈ పని జరిగింది. రాజస్థాన్‌లోని మౌంట్ ఆబు గురుశిఖరం మీద అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీకి 1.2 మీటర్ల టెలిస్కోప్ ఉంది. చంద్రుడు కప్పేసే చల్లని నక్షత్రాల్ని అక్కడి శాస్త్రవేత్తలు దాంతో పరారుణ కాంతిలో కొలిచారు. చల్లని చుక్కలు ఎక్కువ శక్తిని వెదజల్లేది ఆ కాంతిలోనే. వెన్నెల పెట్టే ఇబ్బందీ అందులో తక్కువ.

ఆరుద్రకు మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. చంద్రుడి దారికి అది చాలా దూరం. దానికి మైకెల్సన్ దారే దారి. ఇప్పుడు అదే మౌంట్ విల్సన్ మీద చారా అనే కేంద్రంలో ఆరు టెలిస్కోపుల వెలుగును కలుపుతున్నారు. నాటి 20 అడుగుల దూలం స్థానంలో నేడు 330 మీటర్ల దూరం!

అంచు ఎక్కడ?

ఇంత చేసినా ఒక చిక్కు మిగులుతుంది. చల్లని మహా నక్షత్రాలకు గట్టి అంచంటూ ఉండదు. పొంగుతున్న పాలగిన్నె మీది నురగలా వాటి పైపొరలు పలచగా, ఎత్తుగా పరచుకుని ఉంటాయి. ఒక రంగు కాంతిలో చూస్తే ఒక వెడల్పు, మరో రంగులో చూస్తే ఇంకో వెడల్పు. 1993 నుంచి 2009 వరకు ఆరుద్ర వెడల్పు 15 శాతం తగ్గిందని చార్లెస్ టౌన్స్ బృందం 2009లో ప్రకటించింది. వాళ్లు కొలిచింది పరారుణంలోని ఒక ప్రత్యేక కాంతిలో. దాదాపు అదే కాలంలో మరో పరారుణ కాంతిలో కొలిచినవాళ్లకు అలాంటి తగ్గుదల కనిపించలేదు. అందుకే వెడల్పు చెప్పేటప్పుడు ఏ కాంతిలో కొలిచారో కూడా చెప్పాలి. వెడల్పు తప్పితే వేడీ తప్పుతుంది మరి.

దుమ్ము కమ్మిన దీపం

మళ్లీ 2020 ఫిబ్రవరికి వద్దాం. ఎమిలీ లెవెస్క్, ఫిలిప్ మాసీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అమెరికాలోని లోవెల్ అబ్జర్వేటరీ టెలిస్కోప్‌తో ఆరుద్ర వర్ణపటం తీశారు. వేడి తగ్గితే టైటానియం ఆక్సైడ్ గుర్తులు అందులో ముదురుతాయి. వాటిని బట్టి చూస్తే ఉష్ణోగ్రత సుమారు 3,325 డిగ్రీలు. 2004లో అది సుమారు 3,375. తేడా యాభై డిగ్రీలే! అంత వెలుగు తగ్గడానికి ఆ యాభై ఏమాత్రం సరిపోదు.

మరి జరిగిందేమిటి? చిలీలోని వెరీ లార్జ్ టెలిస్కోప్ 2019 జనవరిలో తీసిన ఫొటోలో ఆరుద్ర గుండ్రంగానే ఉంది. అదే ఏడాది డిసెంబరు ఫొటోలో మాత్రం దక్షిణార్ధం నల్లబడి ఉంది. మొత్తంగా చల్లబడి ఉంటే ఒక పక్కే ఎందుకు నల్లబడుతుంది? మిగల్ మోంటార్జెస్ బృందం 2021లో ఇచ్చిన వివరణ ఇదీ: చుక్క లోపలి నుంచి ఒక పెద్ద వాయు బుడగ ముందే బయటికి ఎగిసింది. తర్వాత దాని ఒంటిమీద ఒకచోట చల్లని మచ్చ పడింది. ఆ చల్లదనానికి పైనున్న వాయువు దుమ్ముగా పేరుకుని మనకు అడ్డొచ్చింది. దీపం ఆరిపోలేదు, చిమ్నీకి ఒక పక్క మసి పట్టింది!

ఆ మబ్బు విడిపోయింది. 2020 వేసవి మొదలయ్యేసరికి ఆరుద్ర తన వెలుగు తాను తెచ్చుకుంది. అది ఎప్పటికైనా పేలేదే. అయితే దానికి ఇంకా లక్ష సంవత్సరాలు పట్టొచ్చని ఒక అంచనా. ఈ చలికాలం భోజనాలయ్యాక పిల్లల్ని డాబా మీదికి తీసుకెళ్లి ఆ మూడు చుక్కల్నీ, పక్కనున్న ఎర్రచుక్కనూ చూపించండి. కాస్త పైకి చూస్తే చందమామకు ఇష్టమైన రోహిణి కూడా నారింజరంగులో కనిపిస్తుంది. ఆ రెండింట్లో ఏది ఎక్కువ వేడిగా ఉంటుందో ముందు రంగు చూసి వాళ్లనే చెప్పమనండి.