నిర్వచనం సరే... ఇన్‌సైడ్ పోర్టు ఏది?

‘న్యాట్ అంటే ఏంటి?’ అని అడిగితే నెట్‌వర్కింగ్ కోర్సు చేసిన ఎవరైనా గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తారు. ప్రైవేట్ ఐపీ అడ్రసును పబ్లిక్ అడ్రసుగా మార్చడం. స్టాటిక్, డైనమిక్, ప్యాట్ అని మూడు రకాలు. బాగుంది. ‘ఈ స్విచ్‌లో ఇన్‌సైడ్ పోర్టు ఏది, అవుట్‌సైడ్ ఏది?’ అన్న రెండో ప్రశ్నకే చాలామంది నీళ్లు నములుతారు. నన్నడిగితే ఉద్యోగం తెచ్చేది ఆ రెండో జవాబే.

సీసీఎన్‌ఏ సిలబస్ చూడండి. ఇన్‌సైడ్ సోర్స్ న్యాట్‌ను ‘కాన్ఫిగర్ చేసి, వెరిఫై చేయాలి’ అనే ఉంటుంది. మనం మాత్రం దాన్ని థియరీ సబ్జెక్టులా బట్టీ పడుతున్నాం.

స్విచ్ దగ్గర కూర్చుంటే మొదట రావాల్సిన సందేహం: అసలు ఈ మోడల్ న్యాట్ చేస్తుందా? సిస్కో 2960లో న్యాట్ లేదు. 3560కి రౌటింగ్ వచ్చు, అయినా న్యాట్ సపోర్ట్ లేదు. క్యాటలిస్ట్ 6500, నెక్సస్ 3548 లాంటివి చేస్తాయి. రౌటింగ్ చేసే ప్రతి స్విచ్చూ న్యాట్ చేయదు. ‘ముందు డేటాషీట్ చూస్తాను సార్’ అన్న అభ్యర్థి, కమాండ్లు గడగడా అప్పజెప్పినవాడికంటే ఒక మెట్టు పైనే ఉంటాడు.

తర్వాత పోర్టులు. నెక్సస్ 3548లో ముందు ‘ఫీచర్ న్యాట్’ ఆన్ చేయాలి. పోర్టుకు ‘నో స్విచ్‌పోర్ట్’ ఇచ్చి, ఐపీ అడ్రసు పెట్టాలి. మన కంప్యూటర్ల వైపున్న దానికి ‘ఐపీ న్యాట్ ఇన్‌సైడ్’, బయటి నెట్‌వర్క్ వైపున్న దానికి ‘ఐపీ న్యాట్ అవుట్‌సైడ్’. ఆ పైన ఏ అడ్రసు దేనిగా మారాలో చెప్పే రూలు. ఈ రెండు వైపులూ తారుమారైతే కమాండ్ తప్పని స్విచ్ చెప్పదు. అడ్రసు మాత్రం మీరనుకున్నట్టు మారదు. అందుకే ‘షో ఐపీ న్యాట్ ట్రాన్స్‌లేషన్స్’ చూడకుండా పని అయిపోయిందనుకోవద్దు.

ఇక బట్టీ పట్టిన నిర్వచనం ఎక్కడ చేతులెత్తేస్తుందో చూడండి. ఒక ఫ్యాక్టరీకి ఒకే రకం మెషీన్లు నాలుగొచ్చాయనుకుందాం. తయారీదారు అన్నింట్లోనూ 192.168.1.10 అడ్రసే పెట్టి పంపాడు. ఒకే నెట్‌వర్క్‌లో కలిపితే గొడవే. ప్రతి మెషీన్ ప్రోగ్రామ్‌లో వేలు పెట్టడం కంటే, సిస్కో ఐఈ 4000 లాంటి ఇండస్ట్రియల్ స్విచ్‌లో లేయర్ 2 న్యాట్ పెట్టడం తేలిక. ఒక్కో మెషీన్ సెట్‌కు ఒక్కో స్విచ్ ఉంటే, దాని అప్‌లింక్ పోర్టు మీద అడ్రసు మారిపోతుంది. పై నెట్‌వర్క్‌కు ఆ నాలుగూ 10.1.1.11 నుంచి 10.1.1.14 వరకు వేర్వేరుగా కనిపిస్తాయి. ఇందులో పబ్లిక్ అడ్రసు ఎక్కడుంది? రెండు వైపులా ప్రైవేటే! ఎటు నుంచి ఎటు మారుతోందో తెలిసినవాళ్లకే ఇది అర్థమవుతుంది.

ప్రాక్టీసుకు ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. ప్యాకెట్ ట్రేసర్ ఉచితమే. అందులో ఒక రౌటర్, ఒక స్విచ్, రెండు పీసీలు, బయట ఒక సర్వర్ పెట్టి రౌటర్ మీద న్యాట్ చేయండి. ఇన్‌సైడ్, అవుట్‌సైడ్ సూత్రం అక్కడా అదే. పని చేశాక కావాలనే రెండు వైపులూ మార్చి, ఏం ఆగిపోయిందో రాసుకోండి. కోచింగ్‌లో చేరే ముందు కూడా ‘ల్యాబ్ ఎన్ని గంటలు?’ అని అడగండి. ఫీజు కట్టేది మీరే కదా!

రెజ్యూమెలో ‘న్యాట్ తెలుసు’ అని రాసేవాళ్లకు కొదవ లేదు. ‘న్యాట్ పెట్టాను, చెడగొట్టాను, మళ్లీ బాగుచేశాను’ అని చెప్పగలిగితే, తర్వాతి ప్రశ్నలన్నీ మీకు తెలిసిన దారిలోనే వస్తాయి.